శవాలు మాయమయ్యే నగరం

తుపాకీ పట్టుకుని ఊరంతా తిరిగే వీడియోగేమ్‌నీ, మొదలూ చివరా అందకుండా రాసిన ప్రయోగాత్మక నవలనీ ఒకే అరలో పెట్టి చూస్తే...

1970 ఏప్రిల్‌లో లండన్‌లోని న్యూ ఆర్ట్స్ లేబొరేటరీ అనే గ్యాలరీలో జె.జి. బల్లార్డ్ ఒక ప్రదర్శన పెట్టాడు. అప్పటికే సైన్స్ ఫిక్షన్ రచయితగా పేరున్నవాడు. గ్యాలరీలో బొమ్మల్లేవు, శిల్పాల్లేవు. ప్రమాదాల్లో నుజ్జయిన మూడు కార్లను తెచ్చి నిలబెట్టాడు, అంతే. ప్రారంభం రోజునే అతిథులు వాటి మీద వైన్ కుమ్మరించారు. ప్రదర్శన ముగిసేసరికి మిగిలిన కిటికీలు పగిలాయి, పక్క అద్దాలు ఊడొచ్చాయి, ఎవరో తెల్లరంగు చల్లిపోయారు. పగలగొట్టమని బల్లార్డ్ ఎవరికీ చెప్పలేదు. వద్దనీ అనలేదు. అది జనం మీద తాను చేసిన పరీక్ష అనీ, ఫలితం చూశాకే 'క్రాష్' నవల రాయడానికి ధైర్యం వచ్చిందనీ తర్వాత చెప్పుకున్నాడు. 1973లో వచ్చిన ఆ నవలలో మనుషులు కారు ప్రమాదాలను కామంతో కోరుకుంటారు. లండన్ విమానాశ్రయం చుట్టుపక్కల రోడ్ల మీద వాటికోసం తిరుగుతుంటారు. కథ పెద్దగా ముందుకు జరగదు. ఢీకొట్టడం, ఆగడం, మళ్లీ ఢీకొట్టడం.

2001 అక్టోబరులో 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 3' వచ్చింది. ప్లేస్టేషన్ 2లో డిస్కు పెడితే ఒక ఊరు తెరుచుకునేది. ఏ కారైనా లాక్కోవచ్చు, ఎవరినైనా గుద్దేయొచ్చు, దారి తెరిచి ఉన్నంతమేర ఏ వీధిలోకైనా పోవచ్చు. చెయ్యాల్సిన పనులంటూ ఉంటాయిగానీ, చెయ్యకపోతే అడిగే నాథుడు లేడు. బల్లార్డ్ మూడు కార్లతో పెట్టిన పరీక్షే ఇది. ఈసారి గ్యాలరీ ఊరంత ఉంది, వచ్చేవాళ్లు కోట్లలో ఉన్నారు. ఇదే వరుసలో 2013లో వచ్చిన ఐదో ఆట ఇప్పటికి ఇరవై కోట్ల ప్రతులకు పైగా అమ్ముడైంది.

ఈ ఆటల మాటొస్తే మనం వెంటనే సినిమాతో పోలుస్తాం. తీసినవాళ్లు కూడా మాఫియా సినిమాలను ఒళ్లంతా పూసుకునే తీశారు కాబట్టి ఆ పోలిక తేలిగ్గా దొరుకుతుంది. కానీ సినిమా మనల్ని కుర్చీలో కూర్చోబెట్టి వరసగా చూపిస్తుంది. ఈ ఆట అలా కాదు. కథను మధ్యలో వదిలేసి సముద్రపు ఒడ్డున కారాపి కూర్చుంటే అదీ ఆటే. ఇలాంటి తిక్క ఇంతకుముందు ఎక్కడ చూశామా అని వెతికితే గ్రంథాలయంలో ఎవరూ తియ్యని ఒక అర దగ్గర తేలతాం. జాయిస్, కోర్తాసార్, రోబ్-గ్రియే, బరోస్, బల్లార్డ్ దుమ్ముపట్టి కూర్చునే అర.

కథ అక్కర్లేని పాఠకులు

2000ల మధ్యలో మన ఊళ్ల నెట్ సెంటర్లలో గంట లెక్కన డబ్బు కట్టి ఇదే వరుసలోని 'వైస్ సిటీ' ఆడినవాళ్లు ఇప్పుడు ముప్పైల్లో, నలభైల్లో ఉన్నారు. వాళ్లలో ఎవరినైనా అడగండి, దాని కథానాయకుడు టామీ వెర్సెట్టీ ఎవరికి బాకీ పడ్డాడు, ఎందుకు పడ్డాడు అని. చాలామందికి తెలియదు. నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్న చీట్ కోడ్లు మాత్రం నోటికొస్తాయి. 'పాంజర్' అని కొడితే ట్యాంకు ఊడిపడేది. 'లీవ్‌మీఅలోన్' అని కొడితే పోలీసులు వెనక్కి తగ్గేవారు. సంభాషణలు సగం అర్థంకావు, మిషన్లు పూర్తిచేసే ఓపికా ఉండదు, గంట అయిపోతే సిస్టం పక్కవాడికి ఇచ్చెయ్యాలి. కాబట్టి పిల్లలు కథను పక్కనబెట్టి ఊరిని పట్టుకున్నారు. ఏ వీధి చివర మోటార్‌సైకిల్ దొరుకుతుంది, ఏ మేడ మీదికి ఎక్కొచ్చు, పోలీసు నక్షత్రాలు ఎన్ని వస్తే హెలికాప్టర్ వస్తుంది, ఇవీ వాళ్ల చదువులు.

1963లో అర్జెంటీనా రచయిత జూలియో కోర్తాసార్ తన 'రాయుఎలా' నవలతో పాఠకుల్ని సరిగ్గా ఇలా చెడగొట్టాలనే చూశాడు. రాయుఎలా అంటే మన తొక్కుడుబిళ్ల. నవలలో 155 అధ్యాయాలు. మొదటి పేజీలోనే రచయిత ఒక సూచనల పట్టిక ఇస్తాడు. ఒక పద్ధతిలో 1 నుంచి 56 దాకా చదివి పుస్తకం మూసెయ్యొచ్చు, మిగతాది వదిలేసినా పాపం లేదు. రెండో పద్ధతిలో 73తో మొదలుపెట్టి, ఆయన చెప్పిన వరసలో ముందుకీ వెనక్కీ గెంతుతూ పోవాలి. అలా గెంతేటప్పుడు 55వ అధ్యాయం అసలు తగలదు. చివరికి 131 నుంచి 58కి, 58 నుంచి మళ్లీ 131కి పంపిస్తాడు. పుస్తకం ముగియదు, పాఠకుడే విసిగి మూసెయ్యాలి.

బ్రిటిష్ రచయిత బి.ఎస్. జాన్సన్ ఇంకో అడుగు వేశాడు. 1969లో ఆయన 'ది అన్‌ఫార్చునేట్స్' నవలను అట్టపెట్టెలో పెట్టి అమ్మించాడు. లోపల కుట్టని 27 భాగాలు. మొదటిది, చివరిది మాత్రం స్థిరం. మధ్యలోని 25నీ పేకముక్కల్లా కలిపి ఎలాగైనా చదువుకోవచ్చు. చూడ్డానికి గారడీలా ఉంటుందిగానీ వెనకున్నది పచ్చి దుఃఖం. ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి వార్త రాయడానికి ఒక ఊరికి వెళ్లిన విలేఖరికి, అది క్యాన్సర్‌తో పోయిన తన స్నేహితుడు బతికిన ఊరని గుర్తొస్తుంది. అక్కణ్నుంచి జ్ఞాపకాలు వరసాపాడూ లేకుండా తోసుకొస్తాయి. పోయినవాళ్లు మనకు ఎప్పుడైనా తేదీల వరసలో గుర్తొచ్చారా? అందుకే ఆ పెట్టె.

ఫ్రాన్స్‌లో ఊలిపో బృందం ఇదే పనిని లెక్కల్లోకి దించింది. ఆ బృందంలోని రేమో క్యూనో 1961లో పద్నాలుగు పాదాల కవితలు పది రాసి, పాదాన్ని పాదంగా కత్తిరించి, ఏ పాదం పక్కనైనా ఏదైనా అతికేలా కట్టాడు. మొత్తం వంద లక్షల కోట్ల కవితలు పుడతాయి. జీవితకాలం చదివినా తరగవు. మనకూ ఇది మరీ కొత్త కాదు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన 'రాఘవపాండవీయం'లో పద్యాన్ని ఒకలా విరిస్తే రామకథ, ఇంకోలా విరిస్తే భారతకథ వచ్చేలా రాశాడు. విరిచే పని పాఠకుడిదే.

అయితే స్వేచ్ఛ అన్నమాటను చూసి మరీ మురిసిపోనక్కర్లేదు. కోర్తాసార్ రెండో పద్ధతిని జాగ్రత్తగా చూడండి. గెంతేది పాఠకుడేగానీ ఎక్కడికి గెంతాలో రచయితే నంబరు వేసి మరీ చెబుతాడు. 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో' తీసే రాక్‌స్టార్ కంపెనీ ఆటల్లోనూ అంతే. ఊళ్లో తిరిగినంతసేపు మీరే రాజు. మిషన్ మొదలైందా, చెప్పిన సందులోంచి చెప్పిన కారులోనే పోవాలి. పక్కకు తప్పుకుంటే 'మిషన్ ఫెయిల్డ్' అని ఆట ఆగిపోతుంది. ఊరంతా తిరగనిచ్చి కథ దగ్గర మాత్రం సంకెళ్లు వేస్తుంది. విశాలమైన ఊరు, ఇరుకైన కథ. ఈ రెండింటికీ ఎప్పుడూ పొసగదు. జాన్సన్‌కున్న పట్టుదల వీళ్లకుంటే మిషన్లను కూడా పెట్టెలో వేసి కలిపేవాళ్లు.

చూడని అమెరికా

జేమ్స్ జాయిస్ 'యులిసిస్'ను ట్రియెస్ట్‌లో, జ్యూరిక్‌లో, పారిస్‌లో కూర్చుని రాశాడు. కథ మాత్రం 1904 జూన్ 16న డబ్లిన్‌లో ఒక్కరోజు జరుగుతుంది. ఆ ఊరి వీధులూ ఇళ్లూ దుకాణాలూ వరసగా నమోదైన థామ్స్ డైరెక్టరీని దగ్గర పెట్టుకున్నాడు. ఎక్లెస్ వీధిలోని ఏడో నంబరు ఇంటి ముందున్న ఇనుప కమ్మీ దాటి ఒక మామూలు మనిషి కిందికి దిగగలడా, దెబ్బ తగలకుండా దూకగలడా అని డబ్లిన్‌లో ఉన్న మేనమామ భార్యకు ఉత్తరం రాశాడు. తాళంచెవి మరిచిపోయిన కథానాయకుడు బ్లూమ్ అలా దిగి ఇంట్లోకి వెళ్లాలి మరి. నవలకారుడికి రావాల్సిన సందేహమేనా ఇది? ఆటలో గోడ ఎత్తు నిర్ణయించే డిజైనర్ మాత్రం రోజూ వేసుకునే ప్రశ్న: పాత్ర దీన్ని ఎక్కగలదా, దూకితే బతుకుతుందా? మనిషి ఒక ఊళ్లో ఒక రోజు తిరిగితే అదే నవలకు చాలని జాయిస్ తేల్చాడు. ఆ ధైర్యంతోనే మన దగ్గర నవీన్ 1969లో 'అంపశయ్య' తెచ్చాడు. ఉస్మానియా క్యాంపస్, రవి అనే విద్యార్థి, ఒక్క రోజు.

ఊరిని దూరం నుంచి కట్టడంలో ఇంకో రకం కూడా ఉంది. కాఫ్కా అమెరికా ఎప్పుడూ వెళ్లలేదు. అయినా అమెరికా మీద ఒక నవల మొదలుపెట్టి సగంలో వదిలేశాడు. చనిపోయాక 1927లో అచ్చయిన ఆ నవల మొదటి పేజీలోనే న్యూయార్క్ రేవులో స్వేచ్ఛాదేవి విగ్రహం కనిపిస్తుంది. చేతిలో కాగడా ఉండదు, కత్తి ఉంటుంది. ఎనభై ఏళ్లు దాటాక 2008లో 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 4' అదే న్యూయార్క్‌ను లిబర్టీ సిటీ పేరుతో మళ్లీ కట్టింది. అందులోనూ రేవులో విగ్రహం ఉంది. ఈసారి చేతిలో కాఫీ కప్పు. హెలికాప్టర్‌లో వెళ్లి విగ్రహం లోపలికి దూరగలిగితే గొలుసులతో కట్టేసిన పెద్ద గుండెకాయ ఒకటి కొట్టుకుంటూ కనిపిస్తుంది. ఏ మిషనూ మిమ్మల్ని అక్కడికి పంపదు. చూస్తే చూశారు, లేకపోతే లేదు. కత్తికీ కప్పుకీ మధ్య ఎవరూ గీత గియ్యలేదు, అయినా గీత ఉంది. వలస వచ్చినవాడి కంటికి మొదట కనిపించే బొమ్మను వంకర చేసి చూపడం. ఆ ఆటలో కథానాయకుడు నికో బెలిక్ కూడా ఓడ దిగిన వలసదారుడే.

ఈ ఆటల పుట్టిల్లు అమెరికా కాదన్నది చాలామంది మరిచిపోతారు. 1997లో వచ్చిన మొదటి ఆటను తయారుచేసింది స్కాట్లాండ్‌లోని డండీ కుర్రాళ్లు. 'రేస్ అండ్ చేజ్' అని దొంగ-పోలీసు ఆటగా మొదలైంది అది. తర్వాత దాన్ని నడిపించిన శామ్, డాన్ హౌసర్ అన్నదమ్ములు లండన్‌వాళ్లు. వాళ్లందరికీ అమెరికా ముందు తెలిసింది సినిమాల్లోంచి, పాటల్లోంచి, టీవీ ప్రకటనల్లోంచి. ఫ్రెంచి రచయిత అలాఁ రోబ్-గ్రియే 1970లో 'న్యూయార్క్‌లో విప్లవానికి ఒక ప్రణాళిక' అనే నవల రాసినప్పుడు కూడా సరుకు అదే: చౌకబారు డిటెక్టివ్ పుస్తకాల అట్టబొమ్మలు, సబ్‌వే పోస్టర్లు, హత్య, దహనం, మళ్లీ హత్య. జరిగిన దృశ్యమే కొద్ది తేడాతో మళ్లీ జరుగుతుంది. చనిపోయినవాళ్లు లేచి ఇంకో సన్నివేశంలో ప్రత్యక్షమవుతారు. ఎవరు చెబుతున్నారో మధ్యలో మారిపోతుంది. 1970లో ఇది పాఠకులకు మతిపోగొట్టే ప్రయోగం. ఇవాళ పన్నెండేళ్ల పిల్లాడికి ఏ వివరణా అక్కర్లేదు. చచ్చినవాడు ఆసుపత్రి గుమ్మంలో లేచి నిలబడతాడని వాడికి తెలుసు.

రేడియో సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ ఆటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది కారు రేడియో. 1959లో పారిస్‌లో బ్రయాన్ గైసిన్, విలియం బరోస్ వార్తాపత్రికల్ని కత్తిరించి, ముక్కల్ని అడ్డదిడ్డంగా కలిపి చదివారు. అనుకోకుండా పక్కపక్కన పడ్డ మాటల్లోంచి లోకం అసలు స్వరం వినిపిస్తుందని బరోస్ నమ్మకం. ఆటలో కారు లాక్కోగానే ఆ కారు యజమాని వింటున్న స్టేషనే మోగుతుంటుంది. బయట కేకలు, వెనక సైరన్, రేడియోలో ఏదో పనికిమాలిన వస్తువుకి ప్రకటన, బటన్ నొక్కితే తియ్యటి ప్రేమపాట. ఈ కలయికను ఎవరూ రాయలేదు. మీరు ఆ క్షణంలో ఆ మలుపు తిరిగారు కాబట్టి అది పుట్టింది. బరోస్ కత్తెర పట్టుకుని చేసినది ఈ యంత్రం క్షణానికోసారి చేసిపెడుతుంది. ఆట మొత్తంలో రచన పదునుగా ఉన్నదీ అక్కడే. కథానాయకుల సంభాషణల కంటే రేడియో ప్రకటనల్లోనే అమెరికా మీద అసలు వ్యంగ్యం ఉంది.

కోర్టు మెట్లెక్కిన పుస్తకాలు, ఆటలు

ఈ చుట్టరికాన్ని ముందు గుర్తుపట్టినవాళ్లలో విమర్శకులకంటే న్యాయమూర్తులే ఎక్కువేమో. 'యులిసిస్' భాగాలు అచ్చేసినందుకు 'లిటిల్ రివ్యూ' పత్రిక సంపాదకులిద్దరికి 1921లో న్యూయార్క్‌లో జరిమానా పడింది. నవల మీద నిషేధం 1933లోగానీ వీడలేదు. బరోస్ 'నేకెడ్ లంచ్' అశ్లీలం కాదని మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం 1966లో తేల్చింది. హంతకుడి నోట చెప్పించిన 'అమెరికన్ సైకో'ను మొదటి ప్రచురణకర్త 1990లో వదులుకున్నాడు. 1991లో ఇంకొకరు వేశారు. ఆస్ట్రేలియాలో ఆ నవలను ప్లాస్టిక్ కాగితంలో చుట్టి పెద్దలకే అమ్మాలన్నారు. అదే ఆస్ట్రేలియా పదేళ్ల తర్వాత 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 3'ని అంగళ్లలోంచి వెనక్కి తీయించి, కోతలు పడ్డాకే మళ్లీ రానిచ్చింది.

అసలు వాదన 2011 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టులో తేలింది. హింసాత్మక ఆటల్ని పిల్లలకు అమ్మకూడదని కాలిఫోర్నియా 2005లో చేసిన చట్టాన్ని కోర్టు 7-2తో కొట్టేసింది. తీర్పు రాసిన జస్టిస్ ఆంటోనిన్ స్కేలియా గ్రిమ్ సోదరుల కథల్లో పిల్లలు మంత్రగత్తెను పొయ్యిలోకి తోసిన సంగతిని, హోమర్ కావ్యంలో ఒంటికన్ను రాక్షసుడి కన్ను పొడిచిన సంగతిని గుర్తుచేశాడు. ఆటలో నిర్ణయం ఆటగాడిది కాబట్టి ఇది వేరే సరుకు అన్న వాదనకు, పేజీ ఎటు తిప్పాలో పిల్లలే తేల్చుకునే 'షుగర్‌కేన్ ఐలాండ్' లాంటి పుస్తకాలు ఎప్పట్నుంచో ఉన్నాయిగా అన్నాడు. జస్టిస్ అలీటో చట్టం చెల్లదని ఒప్పుకుంటూనే విడిగా ఒక అభిప్రాయం రాశాడు. కొత్త సాంకేతికతతో చేతికి వచ్చే అనుభవాన్ని పుస్తకం చదవడంతో అంత తొందరగా సమానం చెయ్యకండి అని దాని సారం.

నేను స్కేలియా తీర్పు పక్షమేగానీ అలీటో సందేహాన్ని కొట్టెయ్యలేను. రాక్షసుడి కన్ను పొడిచింది హోమర్ కథానాయకుడు, మనం విన్నాం. 2013 ఆటలో 'బై ద బుక్' అనే మిషన్ ఉంది. ట్రెవర్ అనే పాత్ర కుర్చీకి కట్టేసిన ఒక అమాయకుణ్ని ప్రభుత్వ ఏజెంట్ల ముందు హింసిస్తాడు. ఏ పనిముట్టు వాడాలో మీరే ఎంచుకోవాలి. పట్టకారుతో పన్ను లాగాలంటే కంట్రోలర్ మీది పుల్లను మీరే తిప్పాలి. తిప్పకపోతే కథ కదలదు. పని అయ్యాక ట్రెవర్ ఆ మనిషిని విమానాశ్రయానికి తీసుకెళుతూ, హింసతో నిజం రాబట్టడం వట్టి బూటకమని ఉపన్యాసం ఇస్తాడు. రాసినవాడి ఉద్దేశం మంచిదే, అమెరికా గూఢచారి సంస్థల మీద విసురు. కానీ వేలికి తెలిసింది చెవికి చెప్పిన మాటతో పోదు. ఉపన్యాసం మరిచిపోయినవాళ్లకు కూడా ఆ పుల్ల తిప్పిన సంగతి గుర్తుంటుంది. పాఠకుణ్ని నేరంలో భాగస్వామిని చెయ్యాలని ఆధునిక నవల ఎన్నో దశాబ్దాలు తంటాలుపడింది. ఈ ఆట ఆ పనిని ఒక్క నిమిషంలో చేసింది, చేశాక ఏం చెయ్యాలో తెలియక చేతులు దులుపుకుంది.

లెక్క రాసిన హింస

1785 శరదృతువులో బాస్టిల్ జైల్లో మార్కీ ద సాద్ పన్నెండు మీటర్ల కాగితపు చుట్ట మీద చీమంత అక్షరాలతో 'సొడొమ్ 120 రోజులు' రాశాడు. నాలుగు నెలలు, నెలకు నూటయాభై, మొత్తం ఆరువందల వికృతాలు. మొదటి భాగం ఒక్కటే పూర్తి కథగా ఉంది. మిగతావి ముసాయిదాగానే మిగిలాయి: నంబరు, చేసిన పని, పక్కన ఒక సూచన. చదువుతుంటే మొదట భయం వేస్తుంది, తర్వాత రోత, ఆ తర్వాత విసుగు. ఆ విసుగు దగ్గరే నాకు ఈ ఆటలు గుర్తొస్తాయి. వందో మనిషిని గుద్దేటప్పుడు ఎవరికీ కోపం ఉండదు, ఆనందమూ ఉండదు. ఎన్ని మైళ్లు నడిపారు, ఎన్ని కార్లు దొంగిలించారు, ఎందరిని చంపారు అని ఆటలోనే గణాంకాల పేజీ ఉంటుంది. 'అమెరికన్ సైకో'లో బ్రెట్ ఈస్టన్ ఎల్లిస్ సూట్ల కంపెనీల పేర్లనీ హత్యల వివరాలనీ ఒకే గొంతుతో చెప్పించాడు. కొనడమూ చంపడమూ ఆ గొంతుకు ఒక్కటే.

ఇక్కడొక మాట గట్టిగా అనాలి. సాద్‌లో, రోబ్-గ్రియేలో, ఎల్లిస్‌లో, ఈ ఆటల్లో వాడి పారెయ్యబడే శరీరం తరచుగా ఆడదానిదే. వేశ్యకు డబ్బిచ్చి, ఆమెను చంపి, ఆ డబ్బు మళ్లీ తీసుకోవచ్చన్నది 2001 ఆట గురించి లోకమంతా చెప్పుకున్న సంగతి. ఐదో ఆటలో ముగ్గురు కథానాయకులుంటే ముగ్గురూ మగవాళ్లే. రూపంలో ప్రయోగం చేశాం కాబట్టి ఇందుకు మినహాయింపు ఉందనే వాదన నవలల దగ్గరా నిలవదు, ఆటల దగ్గరా నిలవదు.

నవలలతో ఈ చుట్టరికం తెగేది కూడా ఆ శరీరం దగ్గరే. ప్లేస్టేషన్ 2లో ప్రధాన మెమరీ 32 మెగాబైట్లు. అంత చిన్న జాగాలో ఊరు మొత్తం పట్టదు. మీరు ఎటు నడిపితే అటువైపు వీధుల్ని ఆట డిస్కు మీద నుంచి అప్పటికప్పుడు తెచ్చి పెడుతూ, వెనక వదిలేసినవాటిని చెరిపేస్తుంది. మనుషులూ అంతే. మీ చూపు పడబోయే చోట పుడతారు, చూపు మళ్లాక పోతారు. ఒక శవాన్ని నడివీధిలో వదిలి రెండు మలుపులు తిరిగి వెనక్కి రండి, ఏమీ ఉండదు. 'వైస్ సిటీ'లో అయితే అంబులెన్స్ వచ్చి, చచ్చినవాణ్ని లేపి నిలబెట్టి పోతుంది. కారుకు రంగు వేయిస్తే పోలీసులు మరిచిపోతారు. మీరే చచ్చిపోతే ఆసుపత్రి బయట కాస్త డబ్బు తగ్గి ప్రత్యక్షమవుతారు. యంత్రం చిన్నదై పుట్టిన ఏర్పాటు ఇది, కానీ ఆ లోకానికి అదే ధర్మమై కూర్చుంది. ఎవడూ దేన్నీ గుర్తుపెట్టుకోడు.

చిలీ రచయిత రొబెర్తో బొలాన్యో 2003లో చనిపోయాడు. మరుసటి ఏడు '2666' వచ్చింది. మెక్సికో సరిహద్దు ఊరు హువారెస్‌లో 1993 నుంచి వరసగా జరిగిన స్త్రీల హత్యలే అందులోని నాలుగో భాగానికి ఆధారం. ఊరి పేరు మాత్రం మార్చాడు. దాదాపు మూడువందల పేజీల్లో వందకు పైగా శవాలు. ప్రతి శవానికీ పోలీసు రిపోర్టు గొంతే: ఎక్కడ దొరికింది, వయసెంత, ఒంటి మీద ఏం బట్టలున్నాయి, కేసు ఎప్పుడు మూసేశారు. ఈ జాబితా సాద్ జాబితాకు సరిగ్గా తలకిందులు. ఇక్కడా విసుగొస్తుంది, పేజీలు తిప్పెయ్యాలనిపిస్తుంది, అలా అనిపించినందుకు సిగ్గేస్తుంది. మూల తిరిగితే మాయమయ్యే వీలు ఇందులో ఒక్క శవానికీ లేదు.

మన భారతం ఈ పని ఎప్పుడో చేసింది. పద్దెనిమిది రోజుల యుద్ధాన్ని ఊపిరాడకుండా చెప్పి, గెలిచాక కథ ఆపెయ్యకుండా స్త్రీపర్వం పెట్టింది. దివ్యదృష్టి పొందిన గాంధారి రణరంగంలో ఒక్కో శవాన్నీ కృష్ణుడికి చూపిస్తుంది. ఇతడు ఫలానా, పక్కన ఏడుస్తున్నది వీడి భార్య అని. అంతా అయ్యాక శాపం. ఏ యుద్ధపు ఆటలోనూ నేను ఇలాంటి భాగాన్ని చూడలేదు. స్కోరు వేసి పంపించేస్తారు.

కొందరు ప్రయత్నించారు. 2008లో 'ఫార్ క్రై 2'ను డిజైన్ చేసిన క్లింట్ హాకింగ్, కాన్రాడ్ నవల 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్'ను మనసులో పెట్టుకుని, పేరు చెప్పని ఆఫ్రికా దేశంలోకి ఆటగాణ్ని కిరాయి సైనికుడిగా పంపాడు. తుపాకీ తుప్పుపట్టి పోరాటం మధ్యలో మొరాయిస్తుంది. మలేరియా వచ్చి కళ్లు మసకబారతాయి. ఆడేవాళ్లలో చాలామంది విసుక్కున్నారు. ఆ విసుగే తయారుచేసినవాళ్లు కోరుకున్నది.

అంతకంటే లోతుగా వెళ్లింది 2018లో వచ్చిన 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'. 1899 నాటి అమెరికా, ఆర్థర్ మోర్గాన్ అనే బందిపోటు. మొదట్లోనే ఒక చిన్న పని చెబుతారు: డౌన్స్ అనే పేద రైతు బాకీ కట్టలేదు, వసూలు చేసుకురా. బటన్ నొక్కి వాణ్ని మీరే కొట్టాలి, తప్పించుకునే దారి లేదు. దెబ్బలు తింటూ దగ్గిన అతని నెత్తురు ఆర్థర్ మొహం మీద పడుతుంది. ఆడేవాడికి అప్పుడు అదేమంత పెద్ద సంగతి కాదు, ఇలాంటివి వంద చేసుంటాడు. ఎన్నో గంటల ఆట తర్వాత ఆర్థర్ దగ్గడం మొదలుపెడతాడు. సాన్ డెనీ అనే ఊరి డాక్టరు క్షయ అని చెబుతాడు. మధ్యలో మీరు వందల మందిని కాల్చి ఉండొచ్చు, చేపలు పట్టి ఉండొచ్చు, దానధర్మాలు చేసి ఉండొచ్చు. మంచితనపు కొలతను పెంచుకుంటే ముగింపు కొంచెం మారుతుందేమోగానీ ఆ జబ్బు నయం కాదు. సేవ్ ఫైల్ వెనక్కి తిప్పినా ప్రయోజనం లేదు, ఎందుకంటే ఆ దెబ్బ కొట్టకుండా కథ ముందుకే రాదు. అన్నిటినీ మరిచిపోయే లోకంలో ఒక్క పని మాత్రం ఒంట్లో మిగిలిపోయింది. ఆటగాడి చేతిలోంచి స్వేచ్ఛను లాగేసుకున్న చోటే ఈ ఆట నవలకు దగ్గరైంది. విశాలమైన మైదానాలు, గుర్రాలు, వేట అన్నీ బాగున్నాయిగానీ, నాకు మిగిలింది ఆ దగ్గే.

గాలి ఓడ మీద హామ్లెట్

2021 జనవరిలో బ్రిటన్ మళ్లీ లాక్‌డౌన్‌లో ఉంది. నాటకశాలలు మూతపడ్డాయి. పనిలేక ఇంట్లో కూర్చున్న శామ్ క్రేన్, మార్క్ ఊస్టర్‌వీన్ అనే ఇద్దరు నటులు 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆన్‌లైన్'లో తిరుగుతూ ఒక ఆరుబయలు రంగస్థలం చూశారు. ఇక్కడ 'హామ్లెట్' ఆడితే ఎలా ఉంటుంది అనుకున్నారు. డాక్యుమెంటరీలు తీసే క్రేన్ భార్య పిన్నీ గ్రిల్స్ ఆటలోనే కెమెరా పట్టింది. అలా తయారైన 'గ్రాండ్ థెఫ్ట్ హామ్లెట్' సినిమాకు 2024లో అమెరికాలోని సౌత్ బై సౌత్‌వెస్ట్ ఉత్సవంలో డాక్యుమెంటరీ బహుమతి వచ్చింది.

ఎక్కడెక్కడి అపరిచితులో ఆ ఆటలోనే ఆడిషన్లకు వచ్చారు. కొందరు నిజంగానే నటించడానికి, కొందరు కాల్చడానికి. స్వగతం మధ్యలో ఎవడో వచ్చి రాకెట్ లాంచర్ పేలుస్తాడు. నక్షత్రాలు పెరిగాయని పోలీసులు దిగుతారు. దయచేసి ఒకర్నొకరు చంపుకోకండి అని దర్శకుడు బతిమాలుకుంటాడు. గాలి ఓడ మీద ఒక దృశ్యం ఆడబోతే నటులు జారి కిందపడి చచ్చిపోయి, మళ్లీ పుట్టి పరిగెత్తుకుంటూ వచ్చారు. నాలుగువందల ఏళ్లుగా ఆ నాటకం చివర్లో వేదిక నిండా శవాలు పడి ఉంటున్నాయి. రాజు, రాణి, లేయర్టీస్, హామ్లెట్. వాటిని మోసుకుపోవడానికి కూడా షేక్‌స్పియర్ మాటలు రాసిపెట్టాడు. చచ్చినవాడు కాసేపట్లోనే వీధి చివర లేచి నిలబడే ఈ ఊళ్లో, పడిపోయినవాళ్లను కదలకుండా పడి ఉండమని చెప్పడానికే ఆ బృందం నానా తంటాలు పడింది.